లెక్కల బెదురు పిల్లలకూ వస్తుందా?

ప్రశ్న: నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటే భయం. పాప ఒకటో తరగతి. హోంవర్క్ నేను చేయించవచ్చా?

జవాబు: భయం ఉన్నంత మాత్రాన అది పిల్లలకు అంటుకోదు. 2015లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఒక విద్యా సంవత్సరం పాటు గమనించారు. లెక్కలంటే బెదిరే తల్లిదండ్రులు తరచూ హోంవర్క్ చేయించిన ఇళ్లలో పిల్లలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లలోనూ బెదురు పెరిగింది. అంతగా సాయం చేయని ఇళ్లలో ఆ తేడా కనబడలేదు.

అలాగని పుస్తకం పక్కింటి వాళ్లకు అప్పగించనక్కర్లేదు. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో, ట్యాబ్‌లో చిన్న లెక్కల కథలు కలిసి చదివిన కుటుంబాల్లో ఎక్కువ లాభపడింది బెదురున్న తల్లిదండ్రుల పిల్లలే. ఏం మాట్లాడాలో కథే అందించింది మరి!

ఇంట్లో వైకుంఠపాళి ఉంటే తీయండి. కాయ 23లో ఉండి నాలుగు పడితే ‘ఒకటి, రెండు’ అనకుండా ‘24, 25, 26, 27’ అంటూ జరపమనండి. అంకెల బోర్డు ఆటలపై అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో ఇలా గడి అంకె పలుకుతూ ఆడిన పిల్లలకే సంఖ్యల వరుస బాగా పట్టుబడింది. ‘నాకూ లెక్కలు రావులే’ అని పాపను ఓదార్చడం మాత్రం, విసుక్కోవడం కంటే చేటు అనిపిస్తుంది.