ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో మజా ఎక్కువ? మా ఊరి పేరుతో ఓ చిన్న టెస్ట్

కొత్త ఫోన్ వస్తే కెమెరా, బ్యాటరీ, గేమింగ్ అన్నీ టెస్ట్ చేస్తాం కదా. ఈసారి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లని అలాగే పక్కపక్కన పెట్టి చూద్దాం. దేనికి జీతం ఎక్కువ అనేది వదిలేయండి. వాడుతుంటే ఏది ఎక్కువ సరదాగా ఉంది అనేదే ఇక్కడ పాయింట్.

సరదా ఎందుకు ముఖ్యమో ముందు చెప్తా. మాది రెడ్డిగూడెం, మామిడి తోటల ప్రాంతం. ఇక్కడ నాకు తెలిసిన కుర్రాళ్లలో చాలామందికి సొంత కంప్యూటర్ అంటే చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనే. బీటెక్ ఫస్టియర్‌లో రికార్డ్ బుక్ నింపడానికి ప్రోగ్రామ్ రాస్తారు, పరీక్ష అయ్యాక మర్చిపోతారు, "కోడింగ్ మన వల్ల కాదులే" అని ఫిక్స్ అయిపోతారు. మొదటి నెల రోజులు సరదా దొరికిన వాళ్లే ఆ తర్వాత కష్టమైన చాప్టర్ల దాకా వెళ్తున్నారు. అందుకే మొదటి లాంగ్వేజ్ ఏది అనేది చిన్న విషయం కాదు.

టెస్ట్ ఏంటంటే

అన్ని లాంగ్వేజ్‌లనీ ఒకే ప్రశ్న అడుగుదాం: "రెడ్డిగూడెం" అనే పేరు పొడవెంత? మనం నోటితో లెక్కపెడితే రె, డ్డి, గూ, డెం... మొత్తం 4. మరి మెషీన్ ఏమంటుందో చూద్దాం. మీరు మీ ఊరి పేరు పెట్టుకోండి.

పైథాన్: 10కి 9

గైడో వాన్ రాసమ్ 1991లో విడుదల చేసిన లాంగ్వేజ్ ఇది. పేరు పాముది అనుకుంటాం గానీ, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ షో నుంచి వచ్చింది. ఫోన్‌లో అయితే పైడ్రాయిడ్ 3 యాప్ వేసుకుంటే చాలు, నెట్ లేకున్నా నడుస్తుంది.

ఎల్, ఈ, ఎన్ అని టైప్ చేసి, బ్రాకెట్‌లో కోట్స్ మధ్య ఊరి పేరు పెట్టి ప్రింట్ చేయండి. జవాబు 11! ఎందుకంటే పైథాన్ లెక్కపెట్టేది యూనికోడ్ కోడ్ పాయింట్లని. ర ఒకటి, ఎత్వం ఒకటి, డ ఒకటి, పొల్లు ఒకటి, మళ్లీ డ, గుడి... ఇలా విడివిడిగా. అంటే మనం ఒక అక్షరం అనుకునే "డ్డి" లోపల నాలుగు ముక్కలున్నాయి. స్కూల్లో నేర్చుకున్న గుణింతం, ఒత్తులు కంప్యూటర్ లోపల ఎలా కూర్చుంటాయో ఒక్క లైన్‌తో కనిపించింది.

ఇప్పుడు అదే పేరుని తిరగేయండి. చివర "డూగిడ్డెర" అని వస్తుంది. మొదట్లో అతుక్కోవడానికి అక్షరం లేక సున్నా, ఎత్వం గాల్లో వేలాడుతుంటాయి. గుణింతం గుర్తులన్నీ పక్క అక్షరాల మీదకి ఎక్కేశాయి!

ఇంకో రెండు ట్రిక్స్. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. టన్నులు = 3, రేటు = 20000 అని రాసి రెండూ గుణించండి, 60000 వస్తుంది. బంగినపల్లి, కలెక్టర్, రసాలు అని ఒక లిస్ట్ వేసుకుంటే తోట లెక్క రెడీ. ఇక కోట్స్‌లో "౨౫" అని తెలుగు అంకెలు రాసి ఇంట్ ఫంక్షన్‌కి ఇవ్వండి. శుభ్రంగా 25 అని అర్థం చేసుకుంటుంది.

సీ: 10కి 6.5

డెన్నిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో తయారుచేశాడు. మన కాలేజీల్లో చాలామందికి పరిచయమయ్యే మొదటి లాంగ్వేజ్ ఇదే. ఫోన్‌లో కావాలంటే టెర్మక్స్ వేసి, అందులో క్లాంగ్ కంపైలర్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

ఎస్‌టీఆర్‌లెన్‌ని అడిగితే జవాబు 33. తప్పు కాదు! యూటీఎఫ్ 8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి 3 బైట్లు పడతాయి. 11 మూళ్లు 33. సీకి అక్షరాలతో పనిలేదు, మెమరీలో ఎంత చోటు పట్టిందో చెప్తుంది. రాయాలి, కంపైల్ చేయాలి, తర్వాత రన్ చేయాలి, మధ్యలో సెమీకోలన్ మర్చిపోతే గొడవ. మొదటి వారం విసుగొస్తుంది. మెషీన్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనే కుతూహలం ఉన్నోళ్లకి మాత్రం దీంట్లో ఉన్న మజా వేరు.

జావాస్క్రిప్ట్: 10కి 8.5

1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దీని మొదటి రూపం రాసేశాడు. ఆ తొందర ఇప్పటికీ కనిపిస్తుంది. కోట్స్‌లో ఉన్న "5"కి 3 కలిపితే 53 అంటుంది, అదే "5"లోంచి 3 తీసేస్తే 2 అంటుంది!

లెంగ్త్ అడిగితే ఇదీ 11 అనే చెప్తుంది. కానీ దీంట్లో ఇంటల్ సెగ్మెంటర్ అని ఒక టూల్ ఉంది. మనిషి చూసినట్టు అక్షరాలు విడగొడుతుంది. పాత యూనికోడ్ రూల్స్ ప్రకారం లెక్కపెడితే రె, డ్, డి, గూ, డెం అని 5 వస్తాయి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 రూల్స్‌లో తెలుగు ఒత్తులని కలిపి ఒకటిగా చూడమని చెప్పారు కాబట్టి 4. మన నోటి లెక్క సరిపోయింది!

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో బటన్ నొక్కితే ఫోన్ వైబ్రేట్ అయ్యే పేజీ రెండు మూడు లైన్లలో అయిపోతుంది. రాసింది వెంటనే ఫ్రెండ్‌కి పంపొచ్చు.

లువా: 10కి 8

1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో పుట్టింది. పోర్చుగీస్‌లో లువా అంటే చందమామ. రోబ్లాక్స్ గేమ్స్ రాసేది దీని నుంచి వచ్చిన లువావ్‌తోనే. హ్యాష్ గుర్తుతో పొడవడిగితే 33, యూటీఎఫ్ 8 లైబ్రరీని అడిగితే 11. చాలా చిన్న లాంగ్వేజ్, వారంలో బేసిక్స్ పట్టేయొచ్చు.

ఆటలా ఉంది గానీ...

2018 ఫిబ్రవరి గుర్తుందా? ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్స్ క్రాష్ అయిపోయాయి. "జ్ఞా"లో, ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే క్యారెక్టర్ ఇరుక్కుంటే ఆ గొడవ. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అంత పెద్ద కంపెనీ కూడా మన గుణింతం దగ్గర తడబడింది.

ఆ కనపడని క్యారెక్టర్‌ని మీరూ పట్టుకోవచ్చు. పైథాన్‌లో "సాఫ్ట్‌వేర్" అని వేరియబుల్ పేరు పెట్టి చూడండి. ట్ తర్వాత, వ ముందు అది దాక్కుని ఉంటే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది. పైకి మాత్రం స్పెల్లింగ్ అంతా కరెక్ట్‌గానే కనిపిస్తుంది. సెర్చ్‌లో తెలుగు పేరు దొరకకపోవడం, మెసేజ్ అక్షరం మధ్యలో తెగిపోవడం లాంటివి కూడా ఇలాంటి చోట్లే పుట్టొచ్చు. వీటిని సరిచేయాలంటే కోడ్ తెలియాలి, తెలుగూ తెలియాలి. మీకు రెండోది ఇప్పటికే వచ్చు.

ఇక ఎవరికి ఏది?

ఫోన్ ఒక్కటే ఉంటే పైథాన్‌తో మొదలెట్టండి. రాసింది నలుగురికీ చూపించాలనుకుంటే జావాస్క్రిప్ట్. గేమ్స్ పిచ్చి ఉంటే లువా. సీని రెండో లాంగ్వేజ్‌గా పెట్టుకోండి, అప్పుడు 33 ఎందుకొచ్చిందో తెలిసే ఉంటుంది కాబట్టి భయం ఉండదు. ఆండ్రాయిడ్ యాప్స్ చేయాలంటే కాట్లిన్ బావుంటుంది. దాని ఆండ్రాయిడ్ స్టూడియోకి మాత్రం మంచి ల్యాప్‌టాప్ కావాలి, కాబట్టి తొందర లేదు.

ఈ రాత్రికి ఒక్క పని చేయండి. మీ పేరు, అమ్మ పేరు, ఊరి పేరు ముందు నోటితో లెక్కపెట్టి, తర్వాత పైథాన్‌ని అడగండి. రెండు లెక్కలూ ఎక్కడ తేడా వచ్చాయో, ఎందుకొచ్చాయో కాగితం మీద రాసుకోండి. మీ మొదటి పాఠం అక్కడే మొదలవుతుంది.