అంతరిక్షంలో 437 రోజులు

హాస్టల్లో చేరిన కొత్తలో ఇంటి మీద బెంగ పెట్టుకోనివారు మనలో తక్కువ. దివిసీమ నుండి బందరు వచ్చినా, గుడివాడ వెళ్ళినా బెంగ బెంగే. అయినా దసరాకో, సంక్రాంతికో ఇంటికి వెళ్తామన్న ధైర్యం ఉంటుంది. ఆ అవకాశం కూడా లేనిచోట పద్నాలుగు నెలలకు పైగా ఉండి వచ్చిన ఒక వైద్యుని గురించి తెలుసుకుందాం.

ముందుగా మనకు తెలిసిన పేరు. రోదసిలోకి వెళ్ళిన తొలి భారతీయుడు రాకేశ్ శర్మ హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివినవారే. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో బయలుదేరి, సాల్యూట్-7 కేంద్రానికి చేరి, దాదాపు ఎనిమిది రోజులకు తిరిగి వచ్చారు. అక్కడ యోగాసనాలు వేసి, అవి శరీరానికి ఎంతవరకు పనికివస్తాయో పరీక్షించారు. ఆయన వెళ్ళేసరికే కేంద్రంలో ముగ్గురు సోవియట్ వ్యోమగాములున్నారు. వారు మొత్తం 237 రోజులుండి అప్పటికి రికార్డు నెలకొల్పారు. ముగ్గురిలో ఒలెగ్ అత్కోవ్ వైద్యుడు.

రోదసిలో వైద్యునికేం పని అనిపించవచ్చు. అక్కడ బరువు తెలియదు. శరీరాన్ని మోసే పని లేక కాళ్ళ కండరాలు సన్నగిల్లుతాయి. నడుము, తుంటి ఎముకల సాంద్రత నెలకు సుమారు ఒక శాతం తగ్గుతుంది. ఒంట్లోని ద్రవాలు తలవైపు చేరి ముఖం ఉబ్బుతుంది. అంగారకుని చేరడానికే ఆరు నెలలకు పైగా పడుతుంది. తీరా దిగాక నిలబడలేకపోతే వెళ్ళి ఏం ప్రయోజనం?

ఈ సందేహాన్ని తన ఒంటి మీదే తేల్చుకున్నారు వాలెరీ పొల్యాకోవ్. 1942లో రష్యాలోని తులాలో పుట్టిన వైద్యుడాయన. 1988-89లో మీర్ కేంద్రంలో 240 రోజులు గడిపారు. అది చాలదన్నట్లు 1994 జనవరి 8న మళ్ళీ వెళ్ళారు. ఆ సంక్రాంతీ, మరుసటి సంక్రాంతీ కూడా ఆకాశంలోనే! కిందికి వచ్చింది 1995 మార్చి 22న. భూమి చుట్టూ ఏడు వేలకు పైగా ప్రదక్షిణలు చేశారు. వాటిలో కొన్ని మన కృష్ణా డెల్టా మీదుగా సాగినవే.

ఆయన మనఃస్థితిని కూడా పరీక్షించారు. వెళ్ళిన మొదటి మూడు వారాలూ, తిరిగి వచ్చిన తర్వాత రెండు వారాలూ కాస్త దిగులుగా ఉన్నారట. రెండో నెల నుండి మామూలే. అంతటి మనిషికీ అలవాటుపడడానికి మూడు వారాలు పట్టిందన్నమాట.

మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆయన తిరిగి వచ్చిన రోజు. నేలకు దిగిన వ్యోమగాములను సాధారణంగా ఎత్తుకొని కుర్చీకి చేరుస్తారు. పొల్యాకోవ్ ఆ నాలుగడుగులూ తానే నడిచి కూర్చున్నారు. 2022 సెప్టెంబరులో, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఒకే ప్రయాణంలో ఎక్కువ కాలం రోదసిలో గడిపిన రికార్డు నేటికీ ఆయనదే.