అంబొరెల్లా నేర్పిన పాఠం

ఆకులకు పచ్చదనాన్నిచ్చేవి హరితరేణువులు. కిరణజన్య సంయోగక్రియకు ఇవే స్థానాలు. కణకేంద్రకంలో ఉన్న డి.ఎన్.ఏ. కాక, వీటికి తమదైన డి.ఎన్.ఏ. కూడా ఉంటుంది. ఒకప్పుడు స్వతంత్రంగా జీవించిన సయనోబాక్టీరియా వేరొక కణంలో చేరి హరితరేణువులుగా పరిణమించాయనడానికి ఇదొక నిదర్శనం. హరితరేణువులోని మొత్తం డి.ఎన్.ఏ.ను దాని జన్యురాశి అంటారు.

ఆ డి.ఎన్.ఏ.లో నాలుగు రకాల క్షారాలు ఏ వరుసలో అమరి ఉన్నాయో తెలుసుకోవడమే జన్యుక్రమ నిర్ధారణ. ఇందుకు డి.ఎన్.ఏ.ను ముక్కలుగా గ్రహించి, ఒక్కొక్క ముక్కను చదివి, వాటి అంచులలో ఉమ్మడిగా ఉన్న భాగాలను బట్టి తిరిగి కూరుస్తారు. శిథిలమైన తాళపత్ర ప్రతులను సరిపోల్చి గ్రంథాన్ని పునరుద్ధరించే పరిష్కర్త కృషి వంటిదే ఇది. 1986లో జపాను శాస్త్రజ్ఞులు పొగాకు హరితరేణు జన్యురాశిని ఈ విధంగా పూర్తిగా చదివారు. ఈ జన్యురాశి చాలా నెమ్మదిగా మారుతుంది. అందువల్ల మొక్కల ప్రాచీన బంధుత్వాలను నిర్ణయించడానికి అది ఎంతగానో తోడ్పడుతుంది.

పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా ద్వీపంలో మాత్రమే సహజంగా పెరిగే చిన్న వృక్షం అంబొరెల్లా. నేడు జీవించి ఉన్న పుష్పించే మొక్కలన్నింటి నుండి మొట్టమొదట వేరుపడిన శాఖ దీనిదేనని 1999లో కొన్ని జన్యువుల పరిశీలన సూచించింది. 2003లో దీని హరితరేణు జన్యురాశి పూర్తిగా వెల్లడైంది. అందులో 1,62,686 క్షార జతలున్నాయి. అయితే దానిని విశ్లేషించినవారు మొదట వేరుపడినవి ఏకదళబీజ మొక్కలేనని, అంబొరెల్లా కాదని ప్రకటించారు.

ఈ వైరుధ్యానికి కారణం పోలికలో ఉంది. వారు తీసుకున్న ఏకదళబీజాలు వరి, గోధుమ, మొక్కజొన్న. ఇవన్నీ గడ్డిజాతివే. గడ్డిజాతి జన్యువులు వేగంగా మారినందున అవి అతిప్రాచీనంగా విడివడినట్లు భ్రమ కలిగింది. 2004లో ఇతర పరిశోధకులు వస ప్రజాతికి చెందిన మొక్కను కూడా చేర్చి చూశారు. తెలుగు ఇళ్లలో పసిపిల్లలకు అరగదీసి పోసే వస కూడా ఈ ప్రజాతిదే; ఇదీ ఏకదళబీజమే. దానిని చేర్చగానే అంబొరెల్లాకు తొలిస్థానం తిరిగి దక్కింది. 2013లో వెలువడిన దాని కేంద్రక జన్యురాశి కూడా ఈ నిర్ణయాన్ని బలపరచింది.

చదివిన అక్షరాలు సరైనవే. సరిపోల్చిన మొక్కలు చాలలేదు. సమాచారం ఎంత విస్తారమైనా, తగిన పోలిక లేనిదే సత్యం గోచరించదు.

ప్రశ్నలు
1. జన్యుక్రమ నిర్ధారణను తాళపత్ర గ్రంథ పరిష్కరణతో ఎందుకు పోల్చారు?
2. 2003 నాటి నిర్ణయం ఎందుకు మారింది? వివరించండి.