లారీ చాసిస్‌కు పగులు వస్తే: అతకాలా, మార్చాలా?

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి చేపలు మంచు మధ్య సర్దుకుని హౌరా చేపల మార్కెట్టుకు బయలుదేరతాయి. దారి పొడవునా 16వ నంబరు జాతీయ రహదారి, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం. మంచు కరుగుతూనే ఉంటుంది. చేపల జిగురు, రక్తం కలిసిన ఆ ఉప్పు నీరు లారీ అడుగున ఉన్న ఇనుము మీదకు చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. ఒక రోజు సరుకు దించాక, కేబిన్ వెనక చాసిస్ మీద సన్నటి తుప్పు గీత కనిపిస్తుంది. గోటితో గీరినా పోదు. అది గీత కాదు, పగులు.

ఇప్పుడు యజమాని ముందు రెండు దారులు. వెల్డింగ్ చేయించి తిరుగు ప్రయాణం కట్టడమా, ఫ్రేమునే మార్చడమా? మొదటిది గంటల పని, రెండోది వారాల పని, ఖర్చులోనూ అంతే తేడా. అందుకే ఎక్కువమంది మొదటిదానికే మొగ్గుతారు. అది ఎప్పుడు సరైనది, ఎప్పుడు ప్రాణాల మీదకు తెస్తుంది అన్నది లోహశాస్త్రం చెప్పాల్సిన మాట.

లారీ ఫ్రేము నిచ్చెనలా ఉంటుంది. పొడవునా రెండు 'సి' ఆకారపు ఉక్కు దూలాలు (మెకానిక్కులు వీటిని లాంగ్ మెంబర్లు అంటారు), వాటిని కలుపుతూ అడ్డంగా క్రాస్ మెంబర్లు. దూలానికి ఒక నిలువు పలక, పైనా కిందా రెండు రెక్కలు ఉంటాయి. బరువు పడి దూలం వంగినప్పుడు ఒక రెక్క సాగుతుంది, రెండోది నొక్కుకుంటుంది. నిలువు పలక నడుమ మాత్రం ఈ సాగుడు, నొక్కుడు దాదాపు సున్నా. అందుకే తయారీదారులు రెక్కలకు రంధ్రాలు చేయొద్దని, ఏదైనా బిగించాలంటే నిలువు పలకకే బిగించమని చెబుతారు. ఈ ఒక్క మాట పాటించక పుట్టిన పగుళ్లు తక్కువేమీ కాదు.

ఉక్కు ఒక్కసారి పడిన బరువుకు విరగలేదు సరే, అదే బరువు లక్షల సార్లు పడి లేస్తే ఎందుకు విరుగుతుంది? బైండింగ్ వైరును అటూ ఇటూ వంచితే తెగిపోవడం మనకు తెలిసిందే. ఒక్కసారి వంచితే తెగదు. దీన్ని లోహపు అలసట అంటారు. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగాక శాస్త్రజ్ఞుల దృష్టి దీని మీద పడింది. తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, ఉక్కు ఎన్నిసార్ల బరువుకు తట్టుకుంటుందో ఆ బరువు తీవ్రతే నిర్ణయిస్తుందని చూపించాడు. ఒక స్థాయి కంటే తక్కువ బరువైతే మామూలు ఉక్కు ఎన్ని సార్లకైనా తట్టుకోగలదు. ఉప్పు నీటిలో తడుస్తూ ఉంటే మాత్రం ఆ రక్షణ స్థాయి మాయమవుతుంది. చేపల లారీకి ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఇదే.

పగులు ఒకసారి మొదలయ్యాక అది పెరిగే వేగం, ప్రతిబలం (చదరపు మిల్లీమీటరుకు పడే బలం) పెరిగిన నిష్పత్తికి సుమారు మూడో ఘాతంలో పెరుగుతుంది. అంటే ఫ్రేములో ప్రతిబలం 25 శాతం పెరిగితే, 1.25ను మూడుసార్లు హెచ్చించండి: 1.95. ఆయుష్షు దాదాపు సగానికి పడిపోయిందన్నమాట. నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద అనుమతించే బరువును మన దేశంలో 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. ఆ కొత్త లెక్కను పాత ఫ్రేము మీద వేస్తే బరువులో తేడా 13 శాతం లోపే, ఆయుష్షులో తేడా 30 శాతం. తుప్పుదీ ఇదే లెక్క. 7 మిల్లీమీటర్ల మందం 6కు తగ్గితే ప్రతిబలం ఆరో వంతు పెరిగి, ఆయుష్షు 63 శాతానికి దిగుతుంది.

తుప్పు ఇంత తొందరగా తింటుందా అనే అనుమానం ఉంటే హౌరా వంతెన దగ్గరికి వెళ్లండి. 1943లో తెరిచిన ఆ వంతెనలో వేలాడే స్తంభాల మొదళ్లకు కప్పిన ఉక్కు తొడుగులు 6 మిల్లీమీటర్ల మందం నుంచి 3 కంటే తక్కువకు అరిగిపోయినట్టు 2011లో పోర్టు ఇంజినీర్లు గమనించారు. కారణం ఏ పెద్ద భారమూ కాదు, బాటసారులు ఉమ్మిన పాన్. ఆ తర్వాత వాటికి ఫైబర్‌గ్లాస్ కప్పాల్సి వచ్చింది.

సరే, మన పగులు దగ్గరికి వద్దాం. వెల్డింగ్ మిషను ఆన్ చేసే ముందు తెలుసుకోవాల్సింది పగులు కొన ఎక్కడుందన్నది. కంటికి కనిపించే చోట అది ఆగదు. తుప్పు, రంగు గీసేసి ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే లోపలికి దిగిన రంగు బయటికి ఊరి అసలు పొడవు చూపిస్తుంది. అక్కడ చిన్న రంధ్రం చేస్తారు. పగిలిన చోట ఇంకో రంధ్రమా అని వింతగా తోచవచ్చు. దీనికి సమాధానం 1913లో ఇంగ్లిస్ అనే ఇంజినీరు వేసిన లెక్కలో ఉంది. పగులు కొన ఎంత పదునుగా ఉంటే అక్కడ బలం అంత పోగుపడుతుంది. రెక్క అంచు నుంచి 16 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లిన పగులు కొన వ్యాసార్ధం మిల్లీమీటరులో వందో వంతు అనుకుంటే ప్రతిబలం సుమారు 80 రెట్లు అవుతుంది. అదే కొనలో 8 మిల్లీమీటర్ల వ్యాసం గల రంధ్రం ఉంటే సుమారు 5 రెట్లు. రంధ్రం పగులును మాన్పదు, నిలబెడుతుంది. కొన తప్పి పక్కన రంధ్రం చేస్తే అదీ లేదు.

ఆ తర్వాత పగులు పొడవునా గాడి కోసి, అడుగు దాకా వెల్డింగ్ నింపి, పైన ఉబ్బును గ్రైండింగుతో చదును చేయాలి. పైపైన పూసిన వెల్డింగ్ కింద పగులు బతికే ఉంటుంది. చెమ్మ పట్టిన రాడ్ వాడితే అందులోని హైడ్రోజన్ ఉక్కులోకి చేరి, గంటల తర్వాత కొత్త పగులు తెస్తుంది. పాత లారీల మెత్తటి ఉక్కు వెల్డింగుకు బాగా ఒదుగుతుంది. వేడి చేసి గట్టిపరిచిన కొత్త రకం ఉక్కు మాత్రం వెల్డింగ్ పక్కన మెత్తబడి బలం కోల్పోతుంది. అందుకే ఈ రకం ఫ్రేములకు తయారీదారు సూచన చూడకుండా చేయి పెట్టకూడదు.

పైన బలానికి వేసే పట్టీలో ఇంకో మెలిక ఉంది. 'ఎంత మందంగా వేస్తే అంత గట్టి' అనుకుంటారు. ఫ్రేము ఉన్నదే గతుకుల్లో కొంత మెలితిరగడానికి. దళసరి పట్టీ నిటారుగా ఆగిన చోట బిగువు ఒక్కసారిగా మారి, ఆరు నెలల్లో సరిగ్గా అక్కడే మళ్లీ పగులుతుంది. కాబట్టి పట్టీ చివరలు ఏటవాలుగా కోసి, రెక్కకు అడ్డంగా వెల్డింగ్ వేయకుండా, నిలువు పలకకు బోల్టులతో బిగించడం మేలు.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? పగులు ఒక్కటే, నిలువు పలకలోనో రెక్క అంచునో ఉంది, కారణం తెలిసింది (ఎవరో చేసిన రంధ్రం, వదులైన బోల్టు), చుట్టూ ఉక్కు మందం సరిగ్గా ఉంది అంటే అతకడమే సబబు. పాత అతుకు పక్కనే కొత్త పగులు వచ్చినా, స్టీరింగు బాక్సు దగ్గరో కమాను పట్టీల బ్రాకెట్ దగ్గరో రెక్క పూర్తిగా తెగినా, ఫ్రేము వంగినా, సుత్తితో కొడితే తుప్పు పొరలుగా రాలుతున్నా మార్చడమే. కారణం తెలియని పగులును కూడా నేను ఈ రెండో గుంపులోనే వేస్తాను. ఒక్క లాంగ్ మెంబరును మార్చే మధ్యే మార్గమూ ఉంది. అయితే చాసిస్ నంబరు ఫ్రేము మీదే చెక్కి ఉంటుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కనుక ముందు రవాణా కార్యాలయానికి, తర్వాతే షెడ్డుకు.

కోల్‌కతా నగరం ఈ ప్రశ్ననే ఇంకా పెద్ద ఎత్తున ఎదుర్కొంది. 2018 సెప్టెంబరు 4న మాజేర్‌హాట్ వంతెన కూలి ప్రాణాలు పోయాక మిగతా పాత వంతెనలను పరీక్షించారు. తల్లా వంతెన మీద ముందు లారీలు, బస్సులు ఆపారు, 2020 ఆరంభంలో పూర్తిగా మూసి కూల్చేశారు. కొత్తది 2022 సెప్టెంబరులో తెరుచుకుంది. ఉత్తర కోల్‌కతా వాసులు రెండున్నరేళ్లకు పైగా చుట్టు తిరిగారు.

అతికించి బయలుదేరిన లారీ విషయానికొస్తే, మొదటి ప్రయాణం సగం బరువుతో చేయడం మంచిది. తిరిగొచ్చాక అదే చోట మళ్లీ ఎర్ర రంగు పూసి చూడాలి. హౌరాలో చేపలు దించిన వెంటనే అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించాలి. బీమా కాగితాల్లో కనిపించని ఖర్చు అది, బకెట్టు లెక్కన చూస్తే చాలా తక్కువ.