స్పీకరు మార్చే ముందు నాలుగు లెక్కలు

నందిపేట్‌లో గాని, ఆర్మూరులో గాని వినాయక చవితి, బతుకమ్మ రోజుల్లో మైకుసెట్టు మోగని వీధి ఉండదు. పెళ్ళి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారి వెనుక ఒక చెక్క పెట్టెను కూడ మీరు చూసే ఉంటారు. గిటారు నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని యాంప్లిఫయర్ బలపరుస్తుంది. పెట్టెలోని స్పీకరు దానిని మళ్ళీ ధ్వనిగా మారుస్తుంది.

ఆ స్పీకరు కోను చినిగిపోయిందనుకోండి. దుకాణానికి వెళ్ళి "ఇదే సైజుది ఇవ్వండి" అంటే చాలునా? చాలదు. సైజు కుదిరినా లెక్క కుదరకపోతే కొత్త స్పీకరు మాడిపోవచ్చు. అంతకన్న ఖరీదైన యాంప్లిఫయరే చెడిపోవచ్చు.

మనం నేడు వాడే తరహా కోను స్పీకరును 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇంజనీర్లు రూపొందించారు. అయస్కాంతం నడుమ ఒక సన్నని తీగచుట్ట ఉంటుంది. దానిలో విద్యుత్తు దిశ మారుతున్నప్పుడల్లా చుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది. దానికి అతికించిన కాగితపు కోను గాలిని కదిలిస్తుంది. అదే మనకు వినిపించే ధ్వని.

మొదటి లెక్క: ఓములు. స్పీకరు విద్యుత్తుకు కలిగించే అవరోధాన్ని ఓములలో చెబుతారు. 8 ఓముల స్పీకరుకు 16 వోల్టులు అందితే ఓమ్ నియమం ప్రకారం 2 ఆంపియర్లు ప్రవహిస్తాయి. శక్తి 16 × 2 = 32 వాట్లు. అక్కడే 4 ఓముల స్పీకరు పెడితే? 4 ఆంపియర్లు, 64 వాట్లు! ఒక కాడి ఎద్దులతో రెండు బండ్ల బరువు లాగించినట్లే. ట్రాన్సిస్టర్లు వేడెక్కి మాడిపోగలవు. కనుక ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్‌కు దానిపై రాసిన కనీసపు ఓములకు తగ్గకూడదు. వాల్వుల యాంప్లిఫయర్‌కైతే ఓములు సరిగా కలవాలి; స్పీకరు తగిలించకుండా దానిని అసలే మోగించరాదు. మరొక మాట: 8 ఓముల స్పీకరును మల్టీమీటరుతో కొలిస్తే 6 లేదా 7 ఓములే చూపవచ్చు. అది లోపం కాదు. మీటరు తీగ నిరోధాన్ని మాత్రమే కొలుస్తుంది.

రెండవ లెక్క: వాట్లు. స్పీకరుకు అందే శక్తిలో కొద్ది పాలే ధ్వని అవుతుంది, తక్కినదంతా వేడి. ఆ వేడిని తట్టుకునే సామర్థ్యమే స్పీకరు మీది వాట్ల సంఖ్య. గిటారు స్వరాన్ని కావాలని గరగరలాడించి వాయించేటప్పుడు యాంప్లిఫయర్ తన సంఖ్యను మించి శక్తిని పంపగలదు. అందుచేత 50 వాట్ల యాంప్లిఫయర్‌కు 75 నుంచి 100 వాట్లు తట్టుకునే స్పీకరు క్షేమం.

మూడవ లెక్క: డెసిబెల్లు. వాట్లు ఎక్కువైతే మోత కూడ ఎక్కువని చాలామంది అనుకుంటారు. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిచిన ధ్వని తీవ్రతను స్పీకరు వివరాలలో ఇస్తారు. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే. కనుక 97 డెసిబెల్ల స్పీకరు 50 వాట్లతో చేసే మోతకు, 94 డెసిబెల్ల స్పీకరుకు 100 వాట్లు కావాలి.

నాలుగవది పెట్టె. అది అలంకారం కాదు. కోను ముందుకు కదిలితే ముందు గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలుచబడుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. 100 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 3.4 మీటర్లు, అంత పొడవైన తరంగం స్పీకరు అంచును సులువుగా చుట్టివస్తుంది. అందుకే పెట్టె లేని స్పీకరులో మంద్రస్వరాలు సన్నగిల్లుతాయి. గిటారులో అన్నిటికన్న లావు తీగ పలికేది 82 హెర్ట్జ్ దగ్గరే!

వెనుక పూర్తిగా మూసిన పెట్టెలో గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. పెట్టె మరీ చిన్నదైతే ఆ స్ప్రింగు బిగుసుకొని మంద్రం తగ్గుతుంది. గిటారు పెట్టెలలో కొన్నిటికి వెనుక సగం తెరిచే ఉంచుతారు. ధ్వని గదిలో నలుదిక్కులా పరుచుకుంటుంది గాని మంద్రం కొంత తగ్గుతుంది. మరికొన్నిటికి గొట్టపు రంధ్రం ఉంటుంది. సీసా మూతిపై ఊదితే గాలి పలికినట్లే, ఆ గొట్టంలోని గాలి కంపించి మంద్రానికి బలమిస్తుంది. దీనికి ఆల్బర్ట్ థూరాస్ 1932లో పేటెంటు పొందాడు. ఇటువంటి పెట్టెను ఒక స్పీకరుకు లెక్క కట్టి చేస్తారు కనుక వేరే రకం పెడితే లెక్క తప్పుతుంది.

మీరూ చేసి చూడండి: పాత స్పీకరు తీగలను 1.5 వోల్టుల టార్చి సెల్లుకు ఒక్క క్షణం తాకించండి. కోను ముందుకు వస్తే, సెల్లు ధన ధ్రువానికి తాకిన కొన ధనకొన. రెండు స్పీకర్లను కలిపేటప్పుడు రెండూ ఒకేసారి ఒకే దిశలో కదలాలి. ఇంటి కరెంటును మాత్రం ఎన్నడూ తాకించకండి. యాంప్లిఫయర్ మూత విప్పకండి. స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

ఆలోచించండి: 8 ఓముల స్పీకర్లు నాలుగున్నాయి. మొత్తం మళ్ళీ 8 ఓములే రావాలంటే ఎలా కలపాలి?

(జవాబు: రెండేసి చొప్పున శ్రేణిలో కలిపి, ఆ రెండు జతలను సమాంతరంగా కలపాలి.)