స్థపతి విద్య

పాఠ్యభాగ పరిచయం

ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థికి అందుబాటులో ఉన్న వృత్తివిద్యలలో వాస్తుశిల్పం ఒకటి. వాడుకలో దీనినే ఆర్కిటెక్చర్ అంటున్నాం. ఇంజనీరింగుకు, వైద్యానికి ఉన్న ప్రచారం ఈ విద్యకు లేదు. అందువల్ల దీనిని గురించిన అపోహలు ఎక్కువ. వాస్తుశిల్పి చేసే పని ఏమిటి, ఆ చదువు దీర్ఘకాలం సాగడానికి కారణమేమిటి, పట్టభద్రుడైన తరువాత ఉన్నత విద్యను ఏ దృష్టితో ఎంచుకోవాలి, ఆ పట్టా వెంట వచ్చే బాధ్యత ఎటువంటిది అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

‘వాస్తు’ అన్న మాట వినగానే మనలో చాలామందికి ఈశాన్యపు మూల, నూతి స్థానం, వీధిపోటు గుర్తుకు వస్తాయి. నిజానికి ఆ పదం పరిధి అంతకంటె విశాలమైనది. నివసించుట అనే అర్థం గల ‘వస్’ ధాతువు నుండి అది పుట్టింది. మనిషి నివసించే చోటు వాస్తువు. ఆ చోటును ఆలోచనతో, కొలతతో, సౌందర్యదృష్టితో తీర్చిదిద్దే విద్య వాస్తుశిల్పం.

సంస్కృతంలోని ‘మయమతం’ అనే శిల్పశాస్త్ర గ్రంథం నిర్మాణంలో పాల్గొనే నలుగురిని పేర్కొంటుంది. వారు స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. సూత్రగ్రాహి త్రాడు పట్టి కొలతలను నిర్ణయిస్తాడు. తక్షకుడు కొయ్యను, రాతిని చెక్కుతాడు. వర్ధకి వాటిని కూర్చి నిలబెడతాడు. కట్టబోయే నిర్మాణాన్నంతటినీ ముందుగా మనసులో దర్శించి, మిగిలిన వారిని నడిపించేవాడు స్థపతి. అతనికి సకల శాస్త్రాల పరిచయంతోపాటు ధర్మబుద్ధి, దయ, ఈర్ష్య లేని స్వభావం ఉండాలని ఆ గ్రంథం ఆశిస్తుంది. రాయి, కొయ్య తెలిసినవానికి దయ ఎందుకు? అతడు కట్టిన ఇంటిలో అతడు ఉండడు, వేరొకరు ఉంటారు. కనుకనే ఆ గుణం అవసరమైంది. ఈ విద్యకు కేంద్రం ఇదే.

“ఇల్లు కట్టడానికి మేస్త్రి చాలడా? ఇంజనీరు ఉండగా మరొకరు ఎందుకు?” అని పెద్దలు అడుగుతుంటారు. ముగ్గురూ అవసరమే, ముగ్గురి పనులు వేరు. స్తంభం ఎంత బరువు మోయాలి, అందులో ఎంత ఇనుము పడాలి అనే లెక్కలు నిర్మాణ ఇంజనీరువి. గోడను తూకంగా లేపే హస్తకౌశలం మేస్త్రిది. ఆ గోడ అసలు అక్కడ ఎందుకు ఉండాలి, కిటికీ ఏ దిక్కున తెరవాలి, వంటింటి పొగ ఎటు పోవాలి, వృద్ధురాలు రాత్రివేళ స్నానాల గదికి ఎన్ని అడుగులు నడవాలి అనే ఆలోచన వాస్తుశిల్పిది. మెట్టు ఎత్తు రెండు అంగుళాలు పెరిగితే పటంలో ఎవరికీ కనిపించదు. ముసలివారి మోకాళ్లకు మాత్రం ప్రతిదినమూ తెలుస్తుంది.

ఇటువంటి ఆలోచన మన పూర్వులకు కొత్త కాదు. గోదావరి ప్రాంతపు మండువా లోగిలి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ ఉంటుంది. ఇంటిలోని అన్ని వైపులకు గాలివెలుతురులు అక్కడి నుండే అందుతాయి. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు గుండ్రంగా ఉండడం వల్ల తుపాను గాలి దానిని నేరుగా ఢీకొనక, చుట్టి ప్రక్కకు పోతుంది. రాయలసీమ మట్టిమిద్దె మందమైన పైకప్పుతో పగటి ఉష్ణోగ్రతను వెంటనే లోపలికి రానీయదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన దేవాలయాన్ని చూడండి. పునాది క్రింద ఇసుకను నింపి, శిఖరానికి నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలను వాడి, నేలపై పడే భారాన్ని తగ్గించారు. ఆ ఆలయానికి శిల్పి పేరుమీదనే రామప్ప గుడి అని పేరు వచ్చిందని జనశ్రుతి. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఇప్పుడు ఈ చదువు స్వరూపాన్ని పరిశీలిద్దాం. మన దేశంలో బి.ఆర్క్. అయిదు సంవత్సరాల పట్టా. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. ప్రవేశానికి ‘నాటా’ అనే అభిరుచి పరీక్ష 2006 నుండి జరుగుతున్నది. జాతీయ సాంకేతిక సంస్థలలోను, ప్రణాళికా వాస్తుశిల్ప విద్యాలయాలలోను చేరదలచినవారు జె.ఇ.ఇ. మెయిన్‌లో వాస్తుశిల్పానికి ప్రత్యేకించిన పత్రాన్ని రాయాలి. తెలుగునేలపై హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప, లలితకళల విశ్వవిద్యాలయం, విజయవాడలోని ప్రణాళికా వాస్తుశిల్ప విద్యాలయం రెండూ 2008లో ఏర్పడ్డాయి. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను ఈ శాఖ ఉన్నది.

అయిదేళ్లు ఎందుకు? ఈ విద్యను పుస్తకం చదివి, పరీక్ష రాసి గడించలేము. స్టూడియో అనే చిత్రరచనా మందిరమే దీనికి తరగతి గది. ప్రతి అర్ధసంవత్సరంలో విద్యార్థికి ఒక సమస్య ఇస్తారు. మొదట చిన్న ఇల్లు, తరువాత పాఠశాల, ఆపైన వైద్యశాల, చివరకు ఒక పేట. అతడు పటాలు గీసి, నమూనా చేసి, గోడకు తగిలించి, అధ్యాపకుల ఎదుట నిలబడి తన ప్రతి నిర్ణయానికీ కారణం చెప్పాలి. దీనిని జ్యూరీ అంటారు. “ఈ గదిలో పసిపిల్లవాడు మధ్యాహ్నం ఎక్కడ నిద్రిస్తాడు?” అన్న ఒక్క ప్రశ్నకు వారం రోజుల శ్రమ కూలిపోవచ్చు. మరల గీయాలి. అలా కాగితంపై వందసార్లు కూలినవాడు నేలమీద జాగ్రత్తగా కట్టగలుగుతాడు. పాత కట్టడాల వద్దకు వెళ్లి, టేపుతో ప్రతి అంగుళాన్నీ కొలిచి పటం గీయడం కూడా ఈ శిక్షణలో భాగమే. చివరి దశలో ఒక వాస్తుశిల్పి కార్యాలయంలో ఆచరణాత్మక శిక్షణ, స్వతంత్రమైన సిద్ధాంత రచన ఉంటాయి.

ఈ శ్రమకు తగిన కారణమున్నదని ఒక దుర్ఘటన రుజువు చేసింది. 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో భూకంపం వచ్చింది. భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదు నగరంలో కూడా పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల భవనాలు కూలిపోయాయి. వాటిలో అనేకం వాహనాలు నిలుపుకోవడానికి నేల అంతస్తును గోడలు లేకుండా వదలివేసినవి. పై అంతస్తులు గోడలతో బిగువుగా ఉండి, క్రింద కేవలం స్తంభాలు మాత్రమే ఉన్నప్పుడు, భూమి కదలిక బలమంతా ఆ స్తంభాలపైనే పడుతుంది. నేడు మన పట్టణాలలోని అపార్టుమెంట్లను గమనించండి. ఎన్నింటికి క్రింది అంతస్తు అలాగే ఉన్నదో లెక్కించండి. వాహనాలకు చోటు కావాలి. అది తప్పు కాదు. కాని ఆ ఖాళీని వదిలేవాడు, దాని బలాన్ని లెక్కించేవాడు ఒకచోట కూర్చుని ఆలోచించకపోతే, నిద్రిస్తున్న కుటుంబాలకు ప్రాణాపాయం. వైద్యుని పొరపాటు ఒక రోగిని బాధిస్తుంది. వాస్తుశిల్పి పొరపాటు, అతడు మరణించిన తరువాత కూడా, ఎవరో తెలియని తరం మీద కూలవచ్చు.

అందుకే సమాజం ఈ పేరుకు కాపలా పెట్టింది. 1972లో మన పార్లమెంటు వాస్తుశిల్పుల చట్టాన్ని చేసింది. గుర్తింపు పొందిన విద్యార్హత కలిగి, వాస్తుశిల్ప మండలిలో నమోదైనవారు మాత్రమే తమను ఆర్కిటెక్టు అని చెప్పుకోవాలి. అయితే ఈ చట్టం పేరును మాత్రమే రక్షిస్తుందని, భవనాల రూపకల్పన అనే పనిని ఇతరులు చేయకుండా నిషేధించదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దీనిని విద్యార్థి బాగా గ్రహించాలి. పట్టా అతనికి పేరును ఇవ్వగలదు. ఆ పేరు విన్నవారికి నమ్మకం కలగడం మాత్రం అతని పని మీదనే ఆధారపడి ఉంటుంది.

పట్టా తరువాత ఉన్నత విద్య ప్రశ్న వస్తుంది. మన దేశంలో ఎం.ఆర్క్. సాధారణంగా రెండు సంవత్సరాల చదువు, బి.ఆర్క్. పూర్తిచేసినవారికి ఉద్దేశించినది. పట్టణ రూపకల్పన, ప్రాచీన కట్టడాల పరిరక్షణ, పర్యావరణానుకూల నిర్మాణం, ఉద్యాన భూదృశ్య రూపకల్పన వంటి శాఖలలో దేనినైనా ఎంచుకోవచ్చు. గేట్ పరీక్షలో కూడా వాస్తుశిల్పానికి ప్రత్యేక పత్రం ఉన్నది. అమెరికాలో పద్ధతి కొంత భిన్నమైనది. అక్కడ వేరే విషయంలో పట్టభద్రులైనవారు సైతం సుమారు మూడేళ్ల ఎం.ఆర్క్. చదివి ఈ వృత్తిలో ప్రవేశించవచ్చు. అయితే ఆ పాఠ్యక్రమానికి అక్కడి వృత్తివిద్యా గుర్తింపు మండలి ఆమోదం ఉన్నదో లేదో చూసుకోవాలి. పట్టా తరువాత అనుభవాన్ని, పరీక్షలను పూర్తిచేస్తేనే అనుమతి లభిస్తుంది. తిరిగివచ్చి ఇక్కడ పనిచేయదలచినవారు తమ విద్యార్హతను మన మండలి గుర్తిస్తుందో లేదో ప్రయాణానికి ముందే విచారించాలి. ఎం.ఆర్క్. అన్న పేరు ఒకటే అయినంత మాత్రాన రెండు చోట్లా విలువ ఒకటి కాదు.

ఉన్నత విద్య ఎలా ఫలిస్తుందో తెలుసుకోవడానికి ఇద్దరి జీవితాలను చూద్దాం. చార్లెస్ కొరియా 1930లో సికింద్రాబాదులో జన్మించాడు. అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో పట్టా పొంది, 1955లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఎం.ఆర్క్. పూర్తిచేశాడు. స్వదేశానికి వచ్చి, అక్కడి గాజు మేడలను ఇక్కడ నాటలేదు. మన ఎండను, మన గాలిని ప్రశ్నలుగా స్వీకరించాడు. సబర్మతి ఆశ్రమంలోని గాంధీ స్మారక సంగ్రహాలయం ఆ అన్వేషణ ఫలమే. 1960వ దశకంలో హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కార్యాలయానికి రూపకల్పన చేసినప్పుడు, భవనాకృతియే సూర్యతాపాన్ని తగ్గించేటట్లు ఆలోచించాడు. 2015లో మరణించేవరకు ఈ దృష్టిని విడువలేదు.

లారీ బేకర్ ప్రయాణం దీనికి ఎదురుదిశలో సాగింది. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో జన్మించి, అక్కడే వాస్తుశిల్పం అభ్యసించిన ఆయన భారతదేశానికి వచ్చాడు. హిమాలయ ప్రాంతంలోని పితోర్‌గఢ్‌లో ఏళ్ల తరబడి నివసించి, గ్రామీణులు మట్టితో, రాతితో కట్టే తీరును నేర్చుకున్నాడు. ఆయనకు అదే ఉన్నత విద్య అయింది. తరువాత కేరళలో స్థిరపడి, ఇటుకలను పరుండబెట్టక అంచుపై నిలబెట్టి, నడుమ ఖాళీ ఉంచే గోడలను ప్రచారం చేశాడు. దీనివల్ల సుమారు నాలుగవ వంతు ఇటుక ఆదా అవుతుంది. నడుమనున్న గాలి వేడిని అడ్డుకుంటుంది. పేదవాని ఇంటికి ఇంతకంటె గొప్ప అలంకారం ఏమున్నది? 1990లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది.

ఒకరు సికింద్రాబాదు నుండి అమెరికాకు, మరొకరు బర్మింగ్‌హాం నుండి హిమాలయ గ్రామానికి వెళ్లారు. ఇద్దరూ నేర్చుకున్నది ఒక్కటే: కట్టబోయే చోటును, ఉండబోయే మనిషిని ముందుగా తెలుసుకోవడం. కనుక ఉన్నత విద్యను కోరేవాడు మొదట విద్యాసంస్థను కాక, తన ప్రశ్నను ఎంచుకోవాలి. మా ఊరి చెరువు కట్ట మీద పెరుగుతున్న ఇళ్లను ఏం చేయాలి? వేసవిలో కాలిపోతున్న రేకుల బడిని ఎలా చల్లబరచాలి? శిథిలమవుతున్న మెట్లబావిని ఎలా నిలపాలి? ఇటువంటి ప్రశ్న ఉన్నవానికి ఏ విశ్వవిద్యాలయమైనా ఉపకరిస్తుంది. ప్రశ్న లేనివానికి ఎంత పేరున్న సంస్థ అయినా మరొక ధ్రువపత్రాన్ని మాత్రమే ఇస్తుంది.

విద్యార్థులారా! ఇంజనీరింగులో సీటు రానందువల్ల ఈ విద్యలో చేరవద్దు. బొమ్మలు బాగా వేస్తానన్న ఒక్క కారణంతోనూ చేరవద్దు. అయిదేళ్ల ఖర్చు, నిద్రలేని రాత్రులు, తొలినాళ్లలో వచ్చే స్వల్ప ఆదాయం ఎదురవుతాయని తెలుసుకునే నిర్ణయించుకోండి. ఒక గదిలోకి అడుగుపెట్టగానే ఇక్కడ వెలుతురు ఎందుకు లేదు, ఇక్కడ కూర్చున్నవారికి ఊపిరి ఆడుతున్నదా అని మీ మనసు అడుగుతూ ఉంటే, ఈ విద్య మీ కోసమే ఎదురుచూస్తున్నది. స్థపతికి దయ ఉండాలని మన ప్రాచీనులు కోరింది అందుకే.

కఠినపదాలు – అర్థాలు

స్థపతి : నిర్మాణాన్ని నడిపించే ప్రధాన శిల్పి
హస్తకౌశలం : చేతి నేర్పు
జనశ్రుతి : ప్రజలు చెప్పుకొనే మాట
దుర్ఘటన : చెడు సంఘటన
ధ్రువపత్రం : అర్హతను నిర్ధారించే పత్రం

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. వాస్తుశిల్ప విద్య దీర్ఘకాలం సాగడానికి గల కారణాలను వివరించండి.
2. కొరియా, బేకర్ల జీవితాల ద్వారా ఉన్నత విద్య ప్రయోజనాన్ని సమీక్షించండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. మయమతం పేర్కొన్న నలుగురు ఎవరు? వారి పనులు ఏవి?
2. 2001 భూకంపం నుండి వాస్తుశిల్పి నేర్చుకోదగిన పాఠమేమిటి?
3. మీ ప్రాంతంలోని ఒక పాత ఇంటిని పరిశీలించి, అందులో గాలివెలుతురులు వచ్చే తీరును వర్ణించండి.

ఇ) సంధులు
ఉష్ణోగ్రత = ఉష్ణ + ఉగ్రత – గుణసంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి

ఈ) సమాసాలు
గాలివెలుతురులు – గాలియును, వెలుతురును – ద్వంద్వ సమాసం
సూర్యతాపం – సూర్యుని యొక్క తాపం – షష్ఠీ తత్పురుష సమాసం