నీటిబాటలో ఒంటరి దోనె

గుంటూరు నగరంలోని బ్రాడీపేటలో వీథులకు పేర్లకంటె అంకెలే ప్రసిద్ధి. ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటేనే చిరునామా తెలుస్తుంది. కళాశాలలతో, పుస్తకాల దుకాణాలతో, వైద్యశాలలతో క్రిక్కిరిసిన ఆ వీథులలో నిలిచిన విద్యార్థికి పడవ అన్నమాట ఏ దూరదేశపు మాటగానో తోచవచ్చు. కృష్ణానది ఉత్తరాన రెండు మూడు ఆమడల దూరంలో ఉంది. సముద్రం అంతకంటె దూరం. నగరం చుట్టూ ఉన్నది మిరప, ప్రత్తి పండే మెట్టనేల. అయినా ఆ నగరవాసులు త్రాగే నీటికీ పడవలకూ ఒక చుట్టరికం ఉంది. గుంటూరుకు వచ్చే త్రాగునీటిలో ఒక భాగం సంగం జాగర్లమూడి వద్ద కొమ్మమూరు కాలువ నుండి తీసుకొని శుద్ధిచేసి పంపుతున్నదే. ఆ కాలువ ఒకనాడు పొలాలకు నీరిచ్చే కాలువ మాత్రమే కాదు. చెన్నపట్టణానికి పోయే రహదారి.

విజయవాడకు ఎదుటి గట్టున సీతానగరం వద్ద కృష్ణ పశ్చిమ కాలువ బయలుదేరుతుంది. దుగ్గిరాల వద్ద అది పాయలుగా చీలుతుంది. అందులో ఒకటైన కొమ్మమూరు కాలువ నైరుతిగా సాగి పెదగంజాం చేరుతుంది. సీతానగరం నుండి ఇంతవరకు 113 కిలోమీటర్లు. పెదగంజాంలో మొదలయ్యే బకింగ్‌హామ్ కాలువ సముద్రతీరం వెంబడి చెన్నైకి 316 కిలోమీటర్లు పోయి, నగరాన్ని దాటి దక్షిణంగా మరికానం వరకు సాగుతుంది. అంటే కృష్ణ ఒడ్డు నుండి చెన్నైకి 429 కిలోమీటర్ల నీటిబాట. కృష్ణకు ఆవలి ఒడ్డున ఏలూరు కాలువ, కాకినాడ కాలువ దీనికి తోడవుతాయి. కనుక కాకినాడలో ఎక్కిన సరుకు నడిసముద్రం చూడకుండానే చెన్నపట్టణంలో దిగేది.

ఈ బాట వినోదం కొరకు పుట్టినది కాదు. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను ఊళ్ళకు ఊళ్ళుగా తుడిచిపెట్టింది. ధాన్యం ఉన్నచోటి నుండి లేనిచోటికి చేర్చే దారి లేకపోవడం ఆ మరణాలకు ఒక కారణం. దానికి కొద్దికాలం ముందే, 1831లో, ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర ముగించుకొని తీరాంధ్రం మీదుగా చెన్నపట్టణం చేరుకున్నాడు. ఆయనకు దొరికిన వాహనం పల్లకీ. మనుష్యుల భుజాలమీద ఒక మనిషి ప్రయాణం చేయవచ్చు గాని, ఒక జిల్లాకు తిండి గింజలు చేరవు. ఆర్థర్ కాటన్ ఈ విషయాన్ని గట్టిగా పట్టుకొన్నాడు. కాలువ త్రవ్వితే అది పొలానికి నీరూ ఇవ్వాలి, సరుకుకు దారీ కావాలి అన్నది ఆయన జీవితాంతం వదలని వాదం. 1852లో మొదలైన కృష్ణ ఆనకట్ట కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి పూర్తయింది. డెల్టా కాలువలను పడవలు నడిచే లోతుతోను, లాకులతోను నిర్మించడానికి కారణం ఇదే.

దక్షిణపు కొన కథ ఇంకా పాతది. మద్రాసు నుండి ఎన్నూరు వరకు బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి త్రవ్వించిన కాలువ 1806లో పని ప్రారంభించింది. తరువాత ప్రభుత్వం దానిని తీసుకొని అంచెలంచెలుగా ఉత్తరానికి పొడిగించింది. 1876-78 నాటి ధాత కరువులో కూలి లేక అలమటించినవారి చేత మద్రాసు నగరంలోని కూవం, అడయారు నదులను కలిపే భాగం త్రవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు పేరు కాలువకు పెట్టారు. త్రవ్వినవారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

ఈ దారిలో సరుకు మోసినవి పెద్ద పడవలు. వాటిమీద సరంగుతో పాటు ఇద్దరు ముగ్గురు మనుష్యులుండేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. గాలి లేనినాడు మోకు భుజానికి తగిలించుకొని గట్టుమీద నడుస్తూ పడవను లాగేవారు. వాటి ప్రక్కనే ఒంటి మనిషి నడిపే చిన్న దోనెలూ తిరిగేవి. తాటిచెట్టు మొదలును చీల్చి, లోపలి మెత్తని నారభాగాన్ని తొలిచి చేసేది తాటిదోనె. వేరు వైపు ఉబ్బెత్తుగా ఉండే కొన దానికి ముక్కు. తెరచి ఉండే రెండవ కొనను బంకమట్టితో మూస్తారు. ఒక్కటిగా ఉంటే దొర్లిపోతుందని రెండింటిని జతగా కట్టడం కొల్లేటి ప్రాంతంలో ఆనవాయితీ. లోతు తక్కువైన చోట గెడతో పొడుస్తారు, లోతు ఎక్కువైతే తెడ్డు వేస్తారు. సంసారాన్ని సముద్రంతోను, భక్తిని నావతోను పోల్చని కవి మన సాహిత్యంలో అరుదు. ఆ నావ నడిపేవాని అరచేతులు ఎట్లుంటాయో పట్టించుకొన్న కవి మరీ అరుదు. గుహుడొక్కడే అదృష్టవంతుడు.

ఐరోపాలో 1865లో జాన్ మెక్‌గ్రెగర్ అనే ఆయన 'రాబ్ రాయ్' అని పేరుపెట్టుకొన్న చిన్నపడవలో రైన్, డాన్యూబ్ మొదలైన నదులమీద ఒంటరిగా విహరించి, మరుసటి ఏడు ఆ ముచ్చట్లను పుస్తకంగా వెలువరించాడు. ఒంటరి పడవ ప్రయాణం ఒక వేడుకగా లోకంలో వ్యాపించడానికి ఆ పుస్తకం దోహదం చేసింది. మన కాలువలమీద తెడ్డు వేసినవానికి అది వేడుక కాదు, పూటకూడు.

ఒక మనిషి ఒక దోనెతో సీతానగరం నుండి చెన్నపట్టణం దాకా పోదలచినాడని ఊహించుదాం. గంటకు మూడు కిలోమీటర్ల వంతున రోజుకు ఏడు గంటలు తెడ్డు వేస్తే ఇరువదియొక్క కిలోమీటర్లు సాగుతుంది. మొత్తం దారికి ఇరువది దినాలకు పైగా పడుతుంది. మొదటి అయిదారు దినాలు సుఖమే. కృష్ణనీరు దక్షిణానికి పారుతుంటుంది గనుక తెడ్డు వేసేది సగం, ప్రవాహం మోసేది సగం. ఇరువైపుల వరిచేలు, గట్టున తాళ్ళు, రేవులలో బట్టలుతికేవారు, దాహమైతే దోసిట పట్టుకొనే తియ్యని నీరు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఈ ప్రవాహమే శత్రువవుతుంది. పైగా కాలువలో నీరు ఏడాది పొడుగునా ఉండదు. మరమ్మతుల కొరకు వేసవిలో కాలువలు కట్టివేస్తారు. కనుక పంటకాలమే పడవకాలం.

ఈ దారిలో కొత్తవానిని ఆశ్చర్యపరచేది లాకు. నేల పల్లమయ్యే కొద్దీ కాలువ మట్టం మెట్లుమెట్లుగా దిగాలి. నీరు దూకగలదు, పడవ దూకలేదు. అందుకని రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి కడతారు. ఎగువ తలుపులు తెరచి పడవను తొట్టిలోనికి రానిస్తారు. తరువాత వాటిని మూసి, దిగువ తలుపులలోని చిన్న తూముల ద్వారా నీటిని మెల్లగా వదులుతారు. నీటితో పాటు పడవ క్రిందికి దిగుతుంది. లోపలి నీరు, వెలుపలి నీరు సమానమైనప్పుడు దిగువ తలుపులు తెరుచుకొంటాయి. ఎక్కవలసిన పడవకు ఇదే వరుస తలక్రిందులుగా జరుగుతుంది. ఇందులో యంత్రమేదీ లేదు, నీటి బరువే పని చేస్తుంది. అయితే తలుపులు త్రిప్పే మనిషి గట్టుమీద ఉండాలి. ఒంటరి ప్రయాణికుడు ఎంత ఒంటరివాడైనా లాకు దగ్గర మరొకని చేతిమీద ఆధారపడక తప్పదు.

పెదగంజాం దాటగానే లోకం మారిపోతుంది. అక్కడి నుండి నీరు ఉప్పన. కృష్ణ ప్రవాహం ఉండదు. సముద్రపు ఆటుపోట్లే కాలువను నింపుతాయి, తీస్తాయి. పోటు సమయం తెలిసినవాడు సముద్రం చేత దోనె త్రోయించుకొంటాడు. తెలియనివాడు బురదమీద కూర్చొని ఎదురుచూస్తాడు. నీటిమీదనే ఉండి నీటికి వెదకులాడవలసిన స్థితి కూడా ఇక్కడే. కుండలో మంచినీరు నింపుకొని బయలుదేరాలి, అది అయిపోకముందే తీరాన మరో ఊరు చేరాలి. చినగంజాం ప్రాంతపు ఉప్పుమళ్ళు దాటిన పిదప గుండ్లకమ్మ, మూసి, మన్నేరు, పెన్న అడ్డుపడతాయి. కాలువ వీటిమీదుగా పోదు, వీటి గుండానే పోతుంది. ఏటికి వరద వచ్చినపుడు చిన్న దోనె దాటబోతే తిన్నగా సముద్రంలోనికే పోతుంది. ఒడ్డున దోనె కట్టి, నీరు తీసేవరకు రోజులు లెక్కపెట్టడమే వివేకం. ఈ దారిలో ధైర్యంకంటె ఓర్పు ఎక్కువ అక్కరకు వచ్చేది.

ఆపై కృష్ణపట్నం, దుగరాజపట్నం, పులికాట్ సరస్సు, శ్రీహరికోట. నేడు ఉపగ్రహాలను ఎగరవేస్తున్న ఆ దీవి ఒకప్పుడు చెన్నపట్టణపు పొయ్యిలకు వంటచెరకు పంపిన అడవి. కట్టెల పడవలు, ఉప్పు పడవలు ఆ కాలువమీద బారులు తీరేవి.

1899లో విజయవాడకు, మద్రాసుకు నడుమ రైలుమార్గం కలిసింది. ఇరువది దినాల దారి ఒక పగలో రాత్రో అయింది. అయినా పడవలు వెంటనే నిలిచిపోలేదు. తొందరలేని సరుకు చౌకగా పోయే దారిని వెదకుకొంటుంది. లారీలు వచ్చిన తరువాత ఆ సరుకూ గట్టెక్కింది. 1965, 1966 సంవత్సరాల తుఫానులు బకింగ్‌హామ్ కాలువను దెబ్బతీశాయి. పూడిక తీసేవారు, తలుపులు బాగుచేసేవారు లేక బాట తునకలైంది. నీటిబాట గొలుసు వంటిది. నూరు మైళ్ళు బాగున్నా ఒక్క లాకు చెడితే అది బాట కాదు, పొడుగాటి చెరువు.

అయినా పాడుబడిన కాలువ ఒకసారి తన ఉనికిని చాటుకొన్నది. 2004 డిసెంబరు 26న సునామీ కోరమండల తీరాన్ని తాకినపుడు, ఎగసివచ్చిన నీటిలో కొంత ఈ కాలువలో నిండి వేగం తగ్గింది. పెదగంజాం నుండి చెన్నై వరకు కాలువకు ఆవలి వైపున్న మత్స్యకార గ్రామాలకు అది కందకంలా అడ్డుపడిందని తరువాత శాస్త్రజ్ఞులు వ్రాశారు. త్రవ్వినవారు ఊహించని ఉపకారం ఇది.

2008లో కేంద్రప్రభుత్వం కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల ఈ కాలువలను, గోదావరి, కృష్ణానదులలోని కొన్ని భాగాలను కలిపి 1078 కిలోమీటర్ల నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. 2016 నాటి చట్టం దానిని ఇంకా పొడిగించింది. కాగితంమీద బాట తిరిగి అతుకుకొన్నది. నేలమీద సంగతి వేరు. చెన్నై నగరంలో పెరిగే రైలు ప్రయాణికుల కొరకు కాలువ వెంబడి ఆకాశమార్గంలో రైలు కట్టి, దాని స్తంభాలను కాలువ కడుపులోనే నాటారు. ఆ రైలు 1995లో నడవడం మొదలైంది. రైలు వేయడం తప్పని అనలేము. అయితే ఇక్కడ రైలు పడవను ఓడించడంతో తృప్తిపడక దాని దారిలోనే నిలుచున్నది.

ఈనాడు ఎవరైనా సీతానగరంలో చిన్న దోనె దింపితే దుగ్గిరాల తరువాత కొంతదూరం ప్రవాహమే మోసుకొనిపోతుంది. గుర్రపుడెక్క అల్లుకొన్న చోట గెడ చిక్కుకొంటుంది. లాకు చెడిపోయిన చోట దిగి, దోనెను గట్టుమీదికి ఈడ్చి, భుజాన మోసి, ఆవలి నీటిలో దింపుకోవాలి. తాటిదోనె ఒక్క మనిషికి లేవదు. గట్టున పోయేవారిని కేకవేయవలసిందే.